కాగితం పరిమాణం కూడా ఒక కొలతే

ఒక భవనం ప్లాను ఖరారయ్యేలోపు దాని మీద ఎంతమంది కళ్లు పడతాయో! గోడల మందం సరిపోయిందా, మెట్ల ఎత్తు కుదిరిందా, తలుపుల పట్టికలోని అంకెలు ప్లానుతో కలుస్తున్నాయా అని ఒకరి తర్వాత ఒకరు చూస్తారు. ఎర్ర పెన్నుతో దిద్దుతారు, మళ్లీ గీయిస్తారు, సంతకాలు పెడతారు. ఇంత జాగ్రత్తగా తయారైన డ్రాయింగును పెద్ద ప్లాటరు మీద అచ్చు వేసే పని మాత్రం ఆ పూట ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ల చేతిలో పడుతుంది. వాళ్లు ఫైలు తెరిచి, పేజీని కాగితంలో ఇమిడేలా కుదించే ‘ఫిట్’ అన్న గడిలో టిక్కు ఉందో లేదో చూడకుండా ప్రింటు నొక్కుతారు. బయటికి వచ్చిన కాగితం శుభ్రంగా, నిండుగా, చక్కని నల్ల గీతలతో ఉంటుంది. మూలన డ్రాయింగు వివరాలు రాసే టైటిల్ బ్లాకులో స్కేలు 1:50 అని, అంటే అసలులో యాభయ్యో వంతు అని, రాసి ఉంటుంది. ఆ ఒక్క మాట మాత్రం అబద్ధమై ఉంటుంది.

ఏళ్ల తరబడి డ్రాయింగులు గీస్తూ, వాటి ప్రింట్లు తీస్తూ వచ్చిన నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. డ్రాయింగు పూర్తయ్యాక దాన్ని అచ్చు వేయడం వేరే పని అనుకుంటాం. అది గీయడంలోనే చివరి అంకం. కాగితం పరిమాణం, గీత మందం, అక్షరం ఎత్తు, ఇవన్నీ డ్రాయింగు చెప్పే మాటలో భాగాలే. గోడ పొడవుకు పూచీ పడేవాళ్లే వీటికీ పూచీ పడాలి.

కుదింపు ఎలా జరుగుతుందో దగ్గరగా చూద్దాం. ఏ1 కాగితం వెడల్పు 594 మిల్లీమీటర్లు, పొడవు 841. చాలా ప్లాటర్లు కాగితం అంచు దాకా సిరా వేయలేవు. రోలు మీద అయితే అంచుల వెంట సుమారు 5 మిల్లీమీటర్లు ఖాళీగా వదిలేస్తాయి. అంటే యంత్రం దృష్టిలో అచ్చు వేయగలిగిన వెడల్పు 584 మిల్లీమీటర్లే. పీడీఎఫ్ తెరిచిన సాఫ్ట్‌వేరు 594ను 584లో ఇమడ్చాలని పేజీ మొత్తాన్నీ 98.3 శాతానికి కుదిస్తుంది. నాకు కోపం తెప్పించేదేమిటంటే, ఇక్కడ కుదించవలసిన అవసరమే లేదు. సాంకేతిక డ్రాయింగు కాగితాల అమరికకు ఉన్న ఐఎస్ఓ 5457 ప్రమాణం ప్రకారం చట్రం గీత ఎడమవైపు అంచు నుంచి 20 మిల్లీమీటర్లు, మిగతా మూడు వైపులా 10 మిల్లీమీటర్లు లోపలికి ఉంటుంది. ఆ అయిదు మిల్లీమీటర్ల పట్టీలో, కాగితం కోయడానికి మూలల్లో పెట్టే గుర్తులు తప్ప, చదవాల్సింది ఏమీ ఉండదు. ఏమీ లేని తెల్లటి అంచును కాపాడడానికి గోడలనూ స్తంభాలనూ కుదించేశాం.

98.3 శాతం అంటే కంటికి ఆనేది కాదు. సరైన ప్రింటు పక్కన పెట్టి చూస్తే తప్ప ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా తెలియదు. స్కేలు పెడితే తెలుస్తుంది. 1:50 ప్లానులో 3.6 మీటర్ల గది కాగితం మీద 72 మిల్లీమీటర్లు ఉండాలి. కుదించిన ప్రింటులో అది 70.8 మిల్లీమీటర్లు ఉంటుంది. త్రికోణపు స్కేలు ఆనించి చదివితే గది 3.54 మీటర్లు అని తేలుతుంది. ఆ లెక్కతో చేయించిన అరల పక్కన 6 సెంటీమీటర్ల సందు మిగులుతుంది. అదే 12 మీటర్ల హాలు అయితే తేడా 20 సెంటీమీటర్లు. రోలుకు బదులు ముందే కోసిన షీటు పెడితే పరిస్థితి ఇంకా అన్యాయం. షీటు ముందు, వెనక అంచుల్లో 17 మిల్లీమీటర్ల దాకా వదిలే యంత్రాలున్నాయి. అప్పుడు కుదింపు 96 శాతానికి దిగుతుంది.

దీనికి విరుగుడు ఆ యంత్రంలోనే ఉంది. ఏ1 వెడల్పు 594 అయితే దానికి వాడే 24 అంగుళాల రోలు 610 మిల్లీమీటర్లు. ఏ0 వెడల్పు 841 అయితే 36 అంగుళాల రోలు 914. ఆ ఎక్కువ వెడల్పు వృథా కాదు. యంత్రానికి కావలసిన ఖాళీ అంచులు పేజీ బయట పడేలా, పేజీ మొత్తం అసలు పరిమాణంలో వచ్చేలా అది వీలు కల్పిస్తుంది. తర్వాత అదనపు కాగితాన్ని కోసేయవచ్చు. కాకపోతే ప్లాటరును నడిపించే సాఫ్ట్‌వేరులో, అంటే డ్రైవరులో, మార్జిన్లను పేజీ లోపల కాకుండా బయట పెట్టమని చెప్పాలి. కుదింపు గడి రెండు చోట్ల ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి. పీడీఎఫ్ చూపే సాఫ్ట్‌వేరులో ఒకటి, ప్లాటరు డ్రైవరులో మరొకటి. మొదటి చోట 100 శాతం అని పెట్టి నిశ్చింతగా ఉంటే రెండో చోట ఆ కుదింపు జరిగిపోతుంది.

ఈ మాట ఎత్తగానే వచ్చే జవాబు ఒకటుంది. ‘స్కేలు పెట్టి కొలవరాదు, అంకెల్లో రాసిన కొలతనే తీసుకోవాలి’ అని టైటిల్ బ్లాకులోనే హెచ్చరిక ఉంటుంది కదా, ఇంకా ఈ గోల ఎందుకు అంటారు. ఆ హెచ్చరిక సరైనదే, ఉండాల్సిందే. కాగితం తేమకు సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. మంచి ప్లాటర్లకు సైతం తయారీదారులు మామూలుగా చెప్పే గీత పొడవు కచ్చితత్వం ప్లస్ లేదా మైనస్ 0.1 శాతం. ఏ0 పొడవు 1189 మిల్లీమీటర్ల మీద అది 1.2 మిల్లీమీటర్లు. 1:500 సర్వే పటంలో ఆ 1.2 మిల్లీమీటర్లే నేల మీద 60 సెంటీమీటర్లు. అందుకే సరిహద్దుల్లాంటివి కాగితం మీద కొలిచి తేల్చకూడదు. పరిమాణం నిలకడగా ఉండాలనుకున్నప్పుడు కాగితానికి బదులు పాలియెస్టర్ ఫిల్ము వాడేదీ అందుకే. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ యంత్రం వల్ల వచ్చే తేడా 0.1 శాతం, మన నిర్లక్ష్యం వల్ల వచ్చేది 1.7 శాతం. పదిహేడు రెట్లు ఎక్కువైన తప్పును మొదటిదాని చాటున దాచడం న్యాయం కాదు.

అసలు ఆ హెచ్చరికను ఎవరు పాటించగలరు? విద్యుత్ గొట్టాలు, నీటి పైపులు, గాలి మార్గాలు చూపించే డ్రాయింగుల్లో మలుపు మలుపుకూ కొలత రాయరు. రాస్తే డ్రాయింగు చదవడానికే వీలు కాదు. కానీ పైపు ఎంత పొడవు కావాలో ఎవరో ఒకరు లెక్క కట్టాలి కదా. వాళ్లు చేసేది స్కేలు పెట్టి కొలవడమే. పరిమాణాల అంచనా వేసేవాళ్ల వృత్తే అది. ప్రింటు 98.3 శాతానికి కుదిస్తే వాళ్ల లెక్కలో ప్రతి పొడవూ 1.7 శాతం తగ్గుతుంది. విస్తీర్ణం అయితే 3.4 శాతం తగ్గుతుంది, ఎందుకంటే అక్కడ కుదింపు రెండు దిక్కులా పనిచేస్తుంది. నేల పలకలు, రంగు, పైకప్పు పలకలు అన్నీ అదే నిష్పత్తిలో చాలకుండా పోతాయి. అందరూ ఆ కాగితాన్ని నమ్మి పని చేస్తారు, కాగితం మాత్రం ఎవరికీ ఏమీ చెప్పదు.

వెనుకటి తరాలకు ఈ బెడద లేదు. ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టిన సైనోటైపు నుంచి బ్లూప్రింటు పుట్టింది. ఇనుప లవణాలు పూసిన కాగితం మీద ట్రేసింగు పరిచి వెలుతురుకు పెట్టేవారు. వెలుగు సోకిన చోట నీలం తేలేది, గీత అడ్డుపడిన చోట తెల్లగా మిగిలేది. తర్వాత వచ్చిన అమ్మోనియా ప్రింట్లలో తెల్ల కాగితం మీద నీలి గీతలు వచ్చేవి. వాటితో పాటు ముక్కుపుటాలు అదిరే ఘాటూ వచ్చేది. రెండు పద్ధతుల్లోనూ అసలు కాగితం, నకలు కాగితం ఒకదాన్నొకటి హత్తుకుని ఉండేవి. నీటిలో కడిగే బ్లూప్రింటు ఆరేటప్పుడు కాస్త ముడుచుకునేది, నిజమే. అయినా ఒక మీట నొక్కి డ్రాయింగు మొత్తాన్నీ చిన్నది చేసే అవకాశం ఎవరికీ లేదు. నకలు ఎంత ఉందంటే అసలు అంతే ఉండేది.

పెన్ను ప్లాటర్లు వచ్చాకా ఆ నిజాయితీ పోలేదు. కాల్‌కాంప్ సంస్థ 1959లో తెచ్చిన 565 నమూనాలో కాగితం చుట్టిన డ్రమ్ము ముందుకూ వెనక్కూ తిరిగేది, పెన్ను దానికి అడ్డంగా కదిలేది. తర్వాతి యంత్రాల్లో గరుకు చక్రాలు అంచులు పట్టుకుని కాగితాన్నే అటూ ఇటూ లాగేవి. ప్లాటరుకు ఆజ్ఞలిచ్చే హెచ్‌పీ-జీఎల్ భాషలో మూల ప్రమాణం 0.025 మిల్లీమీటరు. పెన్ను దించి 4000 ప్రమాణాలు పొమ్మంటే కాగితం మీద సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత పడేది. ఆజ్ఞలోనే పొడవు ఉండేది. 1993లో వచ్చిన పీడీఎఫ్ కూడా పేజీ పరిమాణాన్ని తన లోపల భద్రంగానే మోస్తుంది. దాన్ని చూపించి అచ్చుకు పంపే సాఫ్ట్‌వేర్లు మాత్రం ఉత్తరాలూ నివేదికలూ దృష్టిలో పెట్టుకుని తయారైనవి. ఉత్తరం రెండు శాతం కుదిస్తే ఎవరికీ నష్టం లేదు. ఉత్తరానికి పెట్టిన అలవాటునే డ్రాయింగుకూ వర్తింపజేశాం, చిక్కంతా అక్కడే ఉంది.

తెలిసి కుదించడం వేరు, తెలియకుండా కుదించుకుపోవడం వేరు. మొదటిదానికి ఎంత చక్కటి ఏర్పాటు ఉందో చూడండి. కాగితం పొడవు, వెడల్పు నిష్పత్తి రెండు వర్గమూలం అయితే, దాన్ని సగానికి మడిచినా అదే నిష్పత్తి నిలుస్తుందని జర్మన్ శాస్త్రవేత్త లిక్టెన్‌బర్గ్ 1786లో ఒక ఉత్తరంలో రాశాడు. ఆ సూత్రం మీద వాల్టర్ పోర్స్ట్‌మన్ రూపొందించిన కొలతలు 1922లో జర్మనీలో డిన్ 476 ప్రమాణంగా వచ్చాయి. అవే తర్వాత ఐఎస్ఓ 216 అయ్యాయి. ఏ0 విస్తీర్ణం ఒక చదరపు మీటరు, దాన్ని సగం చేస్తే ఏ1, మళ్లీ సగం చేస్తే ఏ2. గీతల మందాలూ ఇదే మెట్ల మీద నడుస్తాయి: 0.13, 0.18, 0.25, 0.35, 0.5, 0.7, 1.0 మిల్లీమీటర్లు. అక్షరాల ఎత్తులూ అంతే: 2.5, 3.5, 5, 7. ఏ0 డ్రాయింగును ఏ1కు తగ్గిస్తే 0.5 గీత 0.35 అవుతుంది, 3.5 అక్షరం 2.5 అవుతుంది. తగ్గించిన నకలు మీద కూడా అదే పెన్నుల పెట్టెతో దిద్దుబాట్లు చేయవచ్చు. ఇంత ముందుచూపుతో ఆలోచించిన వాళ్లను తలచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

స్కేలు మాత్రం ఒక మెట్టు దిగితే తప్పిపోతుంది. ఏ0 మీద 1:100గా ఉన్నది ఏ1 మీద 1:141 అవుతుంది. 1:141 చదివే స్కేలు ఎవరి దగ్గరా ఉండదు. అదే రెండు మెట్లు దిగితే, అంటే ఏ1 నుంచి ఏ3కు వస్తే, కుదింపు సరిగ్గా సగం. 1:100 కాస్తా 1:200 అవుతుంది, మామూలు స్కేలుతో చదువుకోవచ్చు. కాబట్టి చేతి సంచిలో పెట్టుకోవడానికి ఏ3 ప్రతులు తీస్తే నాకు అభ్యంతరం లేదు. రెండు షరతులున్నాయి. టైటిల్ బ్లాకులో ఉత్తి 1:100 అని వదిలేయకుండా ‘ఏ1 మీద 1:100, ఏ3 మీద 1:200’ అని రాయాలి. ఏ3కు తగ్గుతుందని ముందే తెలిస్తే అక్షరాలు ఆ లెక్కతోనే పెట్టాలి. ఏ1 మీద 2.5 మిల్లీమీటర్ల అక్షరం ఏ3 మీద 1.25 అయిపోతుంది. దాన్ని సైటులో, దుమ్ములో, ఎండలో నిలబడి చదవమనడం ఎదుటివాళ్ల కళ్ల మీద కనికరం లేకపోవడమే. రోడ్డును, కాలువను పొడవునా నిలువుగా కోసినట్టు చూపే పొడవు కోతలకు ఇంకో మెలిక ఉంది. వాటిలో అడ్డం 1:1000, నిలువు 1:100 లాగా రెండు స్కేళ్లు ఉంటాయి. అక్కడ స్కేలును గీతగా చూపే పట్టీలూ రెండు గీయాలి.

గీతల మందం గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి. చదివేవాళ్లకు అన్నిటికంటే ఎక్కువ కష్టం కలిగించేది ఇదే. పెన్ను ప్లాటరులో ఒక్కో మందానికి ఒక్కో పెన్ను ఉండేది. ఏ గీతకు ఏ పెన్ను వాడాలో కంప్యూటర్‌కు చెప్పడానికి రంగును గుర్తుగా పెట్టుకున్నారు. ఎరుపు అంటే ఒకటో పెన్ను, పసుపు అంటే రెండోది, ఆకుపచ్చ అంటే మూడోది. ఆ పెన్నులు పోయి ఎన్నో ఏళ్లయింది, అలవాటు మాత్రం మిగిలింది. డ్రాయింగులు గీసే ఆటోకాడ్ సాఫ్ట్‌వేరులో ఇప్పటికీ 1 ఎరుపు, 2 పసుపు, 3 ఆకుపచ్చ. ఏ రంగు ఎంత మందంతో, నలుపుగానా రంగుగానా అచ్చు కావాలో చెప్పే పట్టిక సీటీబీ అనే వేరే ఫైలులో ఉంటుంది. డ్రాయింగు ఫైలును ఇంకొకరికి పంపేటప్పుడు ఆ చిన్న ఫైలును పంపడం మరిచిపోతే అవతలివాళ్ల ప్లాటరు తనకు తోచిన మందంతో గీస్తుంది. గీతలన్నీ ఒకే మందంతో వస్తాయి, లేదా అన్నీ రంగుల్లో వస్తాయి.

అన్నీ ఒకే మందంతో వస్తే ఏమవుతుందో ఒక కోత బొమ్మలో చూడాలి. కత్తితో కోసినట్టు చూపిన గోడ అంచు 0.5 ఉండాలి. దాని వెనక కనిపించే కిటికీ, మెట్లు 0.25 ఉండాలి. నేల పలకల సందులు 0.13 ఉంటే చాలు. అప్పుడు చూడగానే గోడ ముందుకు వస్తుంది, పలకలు వెనక్కి తగ్గుతాయి, చదివేవాళ్లు వెతుక్కోకుండానే గది ఆకారం తెలుస్తుంది. అన్నీ 0.25 అయితే గోడకూ పలక సందుకూ తేడా ఉండదు. ఒక్క గీత కూడా తప్పు లేదు, ఒక్క కొలతా మారలేదు, అయినా ఆ బొమ్మ చదవడానికి పనికిరాదు. అప్పుడు జరిగే పొరపాట్లను సైటులో ఉన్నవాళ్ల మీదికి నెట్టేస్తాం. వాళ్లకు డ్రాయింగు చదవడం రాదంటాం. చదవలేని డ్రాయింగు చేతికిచ్చి ఆ మాట అనడం నాకు మింగుడుపడదు.

ఇక బూడిద రంగు గీతలు. ఇది అచ్చు పనిలో నేను చూసిన అన్నిటికన్నా మోసకారి లోపం. ఇప్పటికే ఉన్న కట్టడాన్ని లేత బూడిద రంగులో, కొత్తగా కట్టేదాన్ని నలుపులో చూపడం మంచి పద్ధతే. తెర మీద అది ఎంతో హుందాగా ఉంటుంది. ప్లాటరు దగ్గర బూడిద సిరా లేకపోతే నల్లని చుక్కలను దూరదూరంగా చల్లి ఆ రంగు భ్రమను కలిగిస్తుంది. వెడల్పాటి ప్రదేశంలో అది చక్కగా కుదురుతుంది. కానీ 0.13 మిల్లీమీటర్ల గీత, అంగుళానికి 600 చుక్కల యంత్రంలో, మూడు చుక్కల వెడల్పే ఉంటుంది. మూడు చుక్కల వెడల్పులో లేత బూడిద రంగు చూపించాలంటే సగానికి పైగా చుక్కలు వదిలేయాలి. భూతద్దం పెట్టి చూస్తే అక్కడ గీత ఉండదు, తెగిపోయిన ముక్కలుంటాయి. ఏటవాలు గీతల్లో అయితే ముక్కలు మరీ గుర్తుపట్టేలా కనిపిస్తాయి. సాంకేతిక డ్రాయింగులో తెగిన గీతకు ఒక అర్థం ఉంది కదా! ముక్కల గీత అంటే కనిపించకుండా దాగిన అంచు. ముక్క, చుక్క, ముక్కగా సాగేది మధ్యరేఖ. మనం నిండు గీతగా గీసినది కాగితం మీద దాగిన అంచుగా మారింది. అచ్చు నాణ్యత తగ్గిందని సరిపెట్టుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే అక్కడ బొమ్మ అర్థమే మారిపోయింది. అందుకే పాత కట్టడాన్ని సన్నని నిండు నలుపులోనే గీయాలని నేను పట్టుబడతాను. బూడిద రంగు తప్పదంటే కనీసం 0.25 మందం ఇవ్వాలి, లేదా గీతలు వదిలేసి గోడల లోపలి భాగాన్ని ఆ రంగుతో నింపాలి. నల్లటి తెర మీద మెరిసిపోయే పసుపు గీత తెల్ల కాగితం మీద కనబడకుండా పోవడమూ ఈ కోవలోదే, కాకపోతే అది వెంటనే పట్టుబడుతుంది.

ఫైలు బరువు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఏ0 పేజీని 600 చుక్కల చొప్పున బొమ్మగా మారిస్తే 55 కోట్లకు పైగా చుక్కలవుతాయి. రంగుల్లో అయితే అది దాదాపు 1.7 గిగాబైట్లు. గీతలను గీతలుగా పంపితే అందులో చాలా చిన్న భాగం సరిపోతుంది. ఎక్కడో ఒక మూలన పారదర్శకంగా పరిచిన రంగు ఒక్కటి ఉన్నా కొన్ని సాఫ్ట్‌వేర్లు పేజీ మొత్తాన్నీ బొమ్మగా మార్చేస్తాయి. ప్లాటరు మధ్యలో ఆగిపోవడానికి, గీతల అంచులు మసకబారడానికి చాలాసార్లు కారణం ఇదే. పొడవైన డ్రాయింగులకు ఇంకో హద్దు కూడా ఉంది. పీడీఎఫ్ పేజీ మామూలుగా 200 అంగుళాలు, అంటే 5.08 మీటర్లు దాటదు. 1:1000లో 6 కిలోమీటర్ల కాలువను ఒకే పేజీలో పెట్టాలంటే పేజీ ప్రమాణాన్నే పెంచే ప్రత్యేక ఏర్పాటు కావాలి, దాన్ని అన్ని సాఫ్ట్‌వేర్లూ గుర్తించవు. అలాంటప్పుడు ముక్కలు చేసి, కలిసే చోట గుర్తు గీతలు పెట్టడమే మేలు.

‘ఇప్పుడంతా తెర మీదే చూస్తున్నారు, ఇంకా కాగితం ఎందుకు?’ అనేవాళ్లకు కూడా సమాధానం చెప్పాలి. వాళ్ల మాటలో బలం ఉంది. ట్యాబ్లెట్‌లో ఎప్పుడూ తాజా ప్రతి ఉంటుంది. గోడకు అంటించిన కాగితం మూడు సవరణల కిందటిది కావచ్చు. పాత ప్రతితో పని చేసేయడం అసలు పరిమాణం తప్పడం కంటే పెద్ద ప్రమాదం. అందుకే ప్రతి ప్రింటు అంచునా తేదీ, సమయం, ఫైలు పేరు, సవరణ సంఖ్య వాటంతట అవే పడేలా పెట్టాలి. కానీ తెర పెద్ద డ్రాయింగుకు ప్రత్యామ్నాయం అంటే ఒప్పుకోను. 4కే తెర మీద ఉండేది దాదాపు 83 లక్షల చుక్కలు. ఏ0 ప్రింటులో ఉండేది దానికి 67 రెట్లు. తెర మీద భవనం మొత్తం చూస్తే స్తంభం పేరు కనబడదు, స్తంభం దగ్గరికి వెళితే భవనం కనబడదు. పెద్ద కాగితం రెండింటినీ ఒకేసారి ఇస్తుంది. తల కాస్త వంచితే వివరం, వెనక్కి జరిగితే మొత్తం. దాని చుట్టూ అయిదారుగురు నిలబడి, ఒకరు పైపును, ఇంకొకరు దూలాన్ని వేలితో చూపిస్తే రెండూ ఒకే చోట ఢీకొంటున్నాయని అప్పటికప్పుడు బయటపడుతుంది. ఆ సంభాషణను చిన్న తెర ఇవ్వలేదు.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. మొదటి గీత గీసే ముందే ఈ డ్రాయింగు ఏ కాగితం మీద, ఏ స్కేలులో అచ్చవుతుందో తేల్చుకోవాలి. గదులన్నీ గీశాక కాగితాన్ని వెతుక్కోవడం తలకిందుల పని. ప్రతి షీటు మీదా 100 మిల్లీమీటర్ల గీతలు రెండు ఉండాలి, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. రెండెందుకంటే, ఒక దిక్కున సిరా తల కదులుతుంది, ఇంకో దిక్కున కాగితం కదులుతుంది. కాగితం జరిగే తీరు తేడా పడితే ఒక దిక్కు కొలత మాత్రమే తప్పుతుంది, చతురస్రం దీర్ఘచతురస్రం అవుతుంది. కాగితం రకం మార్చినప్పుడల్లా ప్లాటరుకు ఆ సర్దుబాటు చేయించాలి. చాలా చోట్ల యంత్రం బిగించిన రోజున తప్ప మళ్లీ ఎవరూ చేయరు.

ప్లాటరు పక్కన ఒక ఉక్కు స్కేలు ఎప్పుడూ ఉండాలి. కాగితం కోత పడి బుట్టలో జారగానే బల్ల మీద పరిచి, చుట్టుకుపోకుండా మూలల మీద బరువులు పెట్టి, సిరా ఆరనిచ్చి, ఆ రెండు గీతలనూ కొలవాలి. 100కు 99.9 వస్తే పంపవచ్చు. 98.3 వస్తే ఏం జరిగిందో వెంటనే తెలిసిపోతుంది, ఆ అంకె మార్జిన్ల పేరు చెబుతుంది. 96 దరిదాపుల్లో వస్తే షీటు పెట్టారని అర్థం. ఆ తర్వాత అతి సన్నని గీత ఒకటి, అతి చిన్న అక్షరం ఒకటి, హ్యాచింగు, అంటే దగ్గరదగ్గర గీతలతో నింపిన భాగం, ఉన్న మూల ఒకటి చూడాలి. కొలిచినవాళ్లు షీటు అంచున పొట్టి సంతకం పెట్టాలి. ఆ సంతకం ప్లాటరు నడిపేవాళ్లది కాకుండా డ్రాయింగు గీసినవాళ్లది అయితేనే దానికి విలువ. యంత్రం నడిపేవాళ్లకు గోడ పొడవు తెలియనక్కరలేదు. ఏ గీత సన్నగా ఉండాలని మనం అనుకున్నామో వాళ్లకు తెలిసే వీలూ లేదు. వాళ్ల చేతికి ఉత్త ఫైలు ఇచ్చి ‘ప్రింటు తీయండి’ అని వదిలేయడం వాళ్లకూ అన్యాయమే. కాగితం పరిమాణం, స్కేలు, రంగా నలుపా, ఎన్ని ప్రతులు అన్నవి రాసి ఇవ్వాలి.

చివరగా మడత గురించి, ఎందుకంటే ప్రింటు సరిగ్గా వచ్చాక దాన్ని పాడు చేసేది చాలాసార్లు ఇదే. చుట్టి పంపిన డ్రాయింగు సైటులో బల్ల మీద పరచగానే మళ్లీ చుట్టుకుంటుంది. ఇటుక ముక్కలు పెట్టి ఆపితే మూలలు చిరుగుతాయి, చిరిగే మొదటి మూల టైటిల్ బ్లాకు ఉన్నదే. సైటుకు వెళ్లే ప్రతులను మడిచి పంపడమే నాకిష్టం. డిన్ 824 ప్రమాణం చెప్పినట్టు మడిస్తే ఎంత పెద్ద షీటైనా ఏ4 పరిమాణానికి వస్తుంది. టైటిల్ బ్లాకు పైన కనబడుతూ ఉంటుంది, కాబట్టి విప్పకుండానే ఏ డ్రాయింగో, ఎన్నో సవరణో తెలుస్తుంది. ఎడమవైపు వదిలిన 20 మిల్లీమీటర్ల అంచు ఫైలులో గుచ్చడానికి. అక్కడ రంధ్రాలు పడినా ఒక్క గీత కూడా తెగదు, ఫైలు లోంచి తీయకుండానే కాగితాన్ని విప్పి చదువుకోవచ్చు. టైటిల్ బ్లాకును అందం కోసం ఎడమ మూలకో పై మూలకో జరిపేవాళ్లు ఒక్కసారి ఆ డ్రాయింగును తామే మడిచి, ఫైలులో పెట్టి, పాతిక షీట్ల మధ్య నుంచి వెతికి తీసి చూడాలి.